తుపాను సెలవులో చెప్పిన పాఠాలు

ఉదయగిరి,
30 నవంబరు 2025, ఆదివారం.

రేణుకక్కకు,

ఈ రోజు పనులు: ఇడ్లీ రెండు వాయిలు. బట్టలు రెండు బకెట్లు. అత్తయ్యకు మూడు పూటలా మాత్రలు. చింతపండు ఈనెలు తీయడం, మూడు కిలోలు. ఆయన అంగడికి క్యారియర్. చిరిగిన దోమతెరకు కుట్టు. బాకీ: మిరపకాయలకు తొడిమలు తీయలేదు.

నా పనుల పుస్తకం నీకు తెలుసు కదా. ఎడమవైపు అయిన పనులు, కుడివైపు బాకీ. మిరపకాయలు ఎందుకు బాకీ పడ్డాయో చెప్పడానికే ఈ ఉత్తరం.

మధ్యాహ్నం చాట ముందు పెట్టుకొని కూర్చున్నాను. పక్కన నా బీఈడీ రికార్డు. ఎదురుగా గోడ మీద క్యాలెండర్. అక్టోబరు 28, 29 గళ్లలో నా చేతిరాతే ఉంది: ‘పాలు రాలేదు, తుపాను.’ ఆ రెండు రోజులూ జిల్లా మొత్తం బడులకు సెలవు ఇచ్చారు. నా రికార్డులో మాత్రం ఆ రెండు రోజులూ మీ బడిలో, మీ ఏడో తరగతికి నేను పాఠాలు చెప్పాను. పద్దెనిమిదోది త్రిభుజంలో మూడు కోణాల మొత్తం. పంతొమ్మిదోది బాహ్యకోణం. పద్దెనిమిదో దాని కింద నువ్వు రాసిన మాట: ‘పిల్లలు కాగితపు త్రిభుజాలు చించి కోణాలు చక్కగా అతికించారు.’

చెప్పని పాఠాలు నలభై రాశానని నాకు తెలుసు. చూడని పాఠాలకు నువ్వు నలభై సంతకాలు పెట్టావనీ తెలుసు. ఇప్పటిదాకా అదొక లోకరీతి అనుకున్నాను. తలుపులకు తాళం వేసిన బడిలో నేను నల్లబల్ల ముందు నిలబడి ఉన్నట్టు కనిపించాక మాత్రం చేతులు ఆడలేదు.

కాలేజీ గుమాస్తా నిన్న ఫోను చేశాడు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్ష, మీ బడిలోనే. ఆ రోజు రికార్డు బల్ల మీద పెట్టాలి. “ఈసారి వచ్చే ఎగ్జామినరు పేజీ పేజీ తిరగేస్తాడంట మేడమ్. ఈమె మీకు ఏం చెప్పింది అని పిల్లకాయల్నే లేపి అడుగుతాడంట” అన్నాడు. నా సీటు పోతే పోనీ. నీ ఉద్యోగం పోతే?

ఫోనులో చెబితే అత్తయ్య వింటుంది. మెసేజ్ పెడితే ఆయన చూస్తారు, ఇంట్లో తిరిగేది ఒకే ఫోను. అందుకే కాగితం. పక్కింటి రసూల్‌బీ సోమవారం, గురువారం కొయ్య గరిటెలు వేయడానికి ఆత్మకూరు అంగళ్లకు వస్తుంది. ఆమె చేతికిస్తున్నాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. జవాబు కూడా ఆమె చేతికే ఇవ్వు.

నీ చెల్లెలు
ప్రమీల


ఆత్మకూరు,
1 డిసెంబరు, సోమవారం.

ప్రమీలా,

ఇంత చిన్నదానికి మూడు పేజీలా? 28ని 30 చెయ్యి, 29ని 31 చెయ్యి. బ్లేడుతో మెల్లగా గీకి అదే ఇంకుతో రాయి. పక్కన పొట్టి సంతకం నేను మళ్లీ పెడతాను.

నాకు జలుబు ఇంకా తగ్గలేదు. ఫోను చేయకు. ముందు పోయి ఆ మిరపకాయల సంగతి చూడు.

రేణుక


ఉదయగిరి,
3 డిసెంబరు, బుధవారం.

అక్కా,

నువ్వు చెప్పినట్టు చేయడానికి కూర్చున్నాను. 30, 31 తేదీల్లో ఇరవయ్యో పాఠం, ఇరవై ఒకటో పాఠం ఉన్నాయి. వాటిని జరిపితే తర్వాతివన్నీ జరగాలి. రోజుకు ఒక పాఠం అనే లెక్కతో రాసింది నేనే కదా. అయినా బ్లేడు పెట్టాను. 28లో ఎనిమిది పోయింది, దానితో కాగితమూ పోయింది. ఇప్పుడు ఆ చోట చిల్లు ఉంది. చిల్లులోంచి కింది పేజీలో నీ సంతకం కనిపిస్తోంది. రాత్రంతా అదే కళ్లలో మెదిలింది.

ఆయనకు చూపించాను. “నీకు కావాల్సింది సర్టిఫికెట్టు గదా. పాఠం ఎవురు చెప్పినారు, ఎవురు చూసినారు? ఆ కాలేజీలో అందురూ ఇట్టనే రాసుకుంటాండారు” అని నవ్వి అంగడికి వెళ్లిపోయారు.

నీకు ఒక మాట చెప్పాలి. కాలేజీకి పోకుండానే బీఈడీ పూర్తి చేసే వీలుందని ఆయన కనుక్కొని వచ్చినప్పుడు, ఇంటి పని తెమలదు కాబట్టి అదే మేలన్నాను. అది అబద్ధం. పనికి నేను ఎప్పుడు భయపడ్డాను? నలభై మంది వైపు తిరిగి నిలబడాలంటేనే నాకు కాళ్లు రావు. పెళ్లిళ్లలో పాట పాడమంటే పెరట్లోకి పోయి గిన్నెలు తోమేదాన్ని, నీకు గుర్తుందిగా. ఇక్కడి ప్రైవేటు బడివాళ్లు బీఈడీ ఉంటే లెక్కల టీచరుగా తీసుకుంటామన్నారు. ఆశపడ్డాను. సర్టిఫికెట్టు చేతికొచ్చాక ధైర్యం కూడా వస్తుందిలే అనుకున్నాను.

ఇంకొకటి. రసూల్‌బీ వచ్చి ఏమందో తెలుసా? “మీ అక్కకి నామీద కోపమా ఏందమ్మా? చీటీ చదివింది, మంచినీళ్లిచ్చింది, కూర్చోమని చేత్తో చూపిచ్చింది. ఒక్క మాట మాట్లాడలా. కళ్లు మాత్రం ఎర్రగా ఉండాయి.”

పదిహేను రోజులుగా ‘జలుబు’ అంటున్నావు. నా దగ్గర ఏం దాస్తున్నావు?

ప్రమీల


ఆత్మకూరు,
4 డిసెంబరు, గురువారం.

ప్రమీలా,

రసూల్‌బీ వరండాలో కూర్చొని ఉంది. తొందరగా రాస్తున్నాను.

నీ రికార్డులో దొరికే తప్పు రెండు పాఠాలు. నాది పది. అక్టోబరు 21 నుంచి 31 దాకా నేను బడికే పోలేదు. నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాను. మా హాజరు ఫోనులో ఫోటో తీసి పెడతారు, అది ఎవరూ బ్లేడుతో గీకలేరు. నీ రికార్డులో పన్నెండో పాఠం నుంచి ఇరవై ఒకటో పాఠం వరకు వెనక బెంచీలో కూర్చొని విన్నట్టు రాశాను. సంతకాలు పెట్టిన రోజున తేదీలు చూడలేదు. నువ్వు అడిగావు, పెట్టాను.

నా గొంతులో గడ్డలున్నాయి. ఇరవై ఆరేళ్లు అరిచి పాఠాలు చెప్పినందుకు అని ఒక డాక్టరు అన్నాడు. ఇంకో డాక్టరు ఏమీ అనకుండా, తీసి ముక్క పరీక్షకు పంపాలన్నాడు. ఆ ఏమీ అనకపోవడమే నన్ను తినేస్తోంది. మాట్లాడవద్దన్నారు. మీ బావకు తప్ప ఎవరికీ తెలియదు. బడిలో అంతా బోర్డు మీద రాస్తున్నాను. సుస్మిత అని ఒక అమ్మాయి నేను రాసింది పైకి చదువుతుంది. ఏడో తరగతికి నెలన్నరగా లెక్కలు సరిగా లేవు. బీజీయ సమాసాల్లో గుర్తుల దగ్గరే తడబడుతున్నారు.

కాబట్టి విను. ఆ రికార్డు కాల్చెయ్యి. సోమవారం నుంచి రా. వారానికి మూడు రోజులు, రోజుకు రెండు పీరియడ్లు. నువ్వు నిజంగా చెప్పు. నేను నిజంగా వెనక కూర్చుంటాను. కొత్త రికార్డు రాయి. హెడ్‌మాస్టరు జయపాల్ గారికి మీ కాలేజీ ఉత్తరం ఎప్పుడో చేరింది, నువ్వు రాకపోవడమే తక్కువ.

భయంగా ఉందని రాయకు. నాకూ ఉంది.

రేణుక


ఉదయగిరి,
9 డిసెంబరు, మంగళవారం.

అక్కా,

నిన్న బస్సుకు పరుగెత్తాను, నీ వైపు తిరిగి చూడలేదు. చూస్తే ఏడ్చేదాన్ని.

ఉదయం నాలుగుకే లేచి వంట, అత్తయ్య మాత్రలు, క్యారియర్ ముగించాను. అత్తయ్య వాకిట్లో నిలబడి “ఏందమ్మే, ఈ వయసులో పలకా బలపం పట్టుకొని బడికి పోతాండావా?” అంది. బస్సులో దారి పొడవునా పాఠం చదివాను. దిగేసరికి మొదటి వాక్యం తప్ప ఏదీ గుర్తులేదు. గదిలోకి అడుగు పెట్టగానే అదీ పోయింది.

బోర్డు వైపు తిరిగి (–3) × (–4) = 12 అని రాశాను. ఆ తర్వాత జరిగింది నువ్వూ చూశావు. అయినా రాస్తాను, రాస్తే కొంచెం తగ్గుతుంది. ఆ సుస్మిత లేచింది.

“టీచర్, మా పుస్తకంలో ఇంగ్లీషు పక్క నెగటివ్ అని ఉండాది, తెలుగు పక్క ఋణ సంఖ్య అని ఉండాది. ఋణమంటే అప్పు గదా?”

“అవును.”

“అప్పుని అప్పుతో హెచ్చిస్తే లాభం ఎట్ట వచ్చాది? అట్టయితే మా నాయన ఇంకోచోట గూడా అప్పు చేస్తే సరిపోతాది గదా!”

నలభై మందీ నవ్వారు. నేను “అది నియమం” అన్నాను. చాక్‌పీసు జారిపడి మూడు ముక్కలైంది. వంగి ముక్కలు ఏరుతూ ఎంతసేపు కిందనే ఉన్నానో నాకే తెలియదు. ఇంకెవరో “టీచరు లేవలా” అన్నారు.

ఇంటికొచ్చి పుస్తకంలో రాశాను. అయినవి: పాఠాలు రెండు. బాకీ: ముప్పై ఎనిమిది. తర్వాత ఆలోచించి మొదటిదాన్ని కొట్టేశాను. అది పాఠం కాదు.

బుధవారం రాలేనేమో.

ప్రమీల


ఆత్మకూరు,
9 డిసెంబరు, మంగళవారం.

ప్రమీలా,

నీ జవాబు కోసం ఆగను. నీకు తెలుసో లేదో, రేపు బుధవారం. ఈ చీటీ మీ ఊరికి వచ్చే బస్సు కండక్టరు చేత పంపుతున్నాను.

పరిశీలన. ఈసారి నిజంగా చూసి రాస్తున్నాను.

బోర్డుకు పాఠం చెప్పావు, పిల్లలకు చెప్పలేదు. అక్షరాలు బాగున్నాయి, చివరి బెంచీకి కనిపించాయి. చాక్‌పీసు పడితే పడనీ, ఇంకోటి తీసుకో. నీ సంగతి నాకు తెలుసు, నీ పుస్తకంలో మొదటిదాన్ని కొట్టేసి ఉంటావు, కొట్టేయకు. చెడ్డ పాఠం కూడా పాఠమే. చెప్పని పాఠమే పాఠం కాదు.

‘అది నియమం’ అని ఇరవై ఆరేళ్లుగా నేనూ అన్నాను. ఒక్కరూ లేచి అడగలేదు. నేను అరిచే అరుపుకు అడిగేవాళ్లు కాదేమో. ఇప్పుడు నాకు గొంతు లేదు కాబట్టి ఆ పిల్లకు నోరు వచ్చింది. ఆమెకు నువ్వు ఒక జవాబు బాకీ.

జనవరి 6న నాకు ఆపరేషన్. ఆ తర్వాత ఫిబ్రవరి సగం దాకా రాను. వెనక బెంచీలో జయపాల్ గారు కూర్చుంటారు, సంతకం ఆయనదే. అప్పటికి నువ్వు ఒక్కదానివే నిలబడగలగాలి.

ఎనిమిదీ నలభై బస్సు. తప్పించుకోకు.

రేణుక


ఉదయగిరి,
25 జనవరి 2026, ఆదివారం.

అక్కా,

నీ ఆపరేషన్ బాగా అయిందని బావ చెప్పారు. ముక్క పరీక్ష ఫలితం ఇంకా రాలేదన్నారు. రోజూ సాయంత్రం ఇంట్లో ఫోను మోగినప్పుడల్లా నా చేతిలోది ఏదో ఒకటి కింద పెట్టేస్తున్నాను.

నీకు సంతోషం కలిగించే మాట ఒకటి. సుస్మిత బాకీ తీరింది.

ఒకరోజు రసూల్‌బీ వాకిట్లో గరిటెలు ఎండబెట్టింది. కొన్ని వెల్లకిల, కొన్ని బోర్లా. ఎండ మారగానే వచ్చి వాటిని తిప్పింది. తిప్పినవి మళ్లీ ఒకసారి తిప్పింది. చూస్తూ నిలబడిపోయాను. పన్నెండు చిన్న గరిటెలు కావాలన్నాను. “లెక్కలు చెప్పేదానికి గరిటెలా? నన్ను ఎగతాళి చేస్తాండావా ఏంది?” అంది. మళ్లీ తనే, “వంకరవి ఇచ్చాలే, లెక్కకి వంకరైతే ఏం?” అని ఇచ్చింది.

తరగతిలో బల్ల మీద మూడు గరిటెలు బోర్లా పెట్టాను. ఇది మైనస్ మూడు. నాలుగు రెట్లు చేయమన్నాను. పన్నెండూ బోర్లా. “నాలుగు ముందు ఇంకో మైనస్ ఉంది. అది అప్పు కాదు, ‘తిప్పు’ అనే మాట” అన్నాను. సుస్మితే వచ్చి పన్నెండింటినీ తిప్పింది. అన్నీ వెల్లకిల పడ్డాయి. 

“అట్టయితే పుస్తకంలో ఋణం అని ఎందుకు రాసినారు టీచర్?”

“బోర్లా పడిన రోజును మనవాళ్లు అట్ట పిలిచారు” అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆ రోజు నేను పిల్లల వైపు తిరిగి నిలబడి ఉన్నాను. గంట కొట్టాక గాని గమనించలేదు.

ఇక భయం సంగతి. అది పోలేదు, చోటు మారింది. పరీక్ష ఫిబ్రవరి 11. క్రిస్మస్, సంక్రాంతి సెలవులు, పిల్లల పరీక్షలు, నీ ఆపరేషన్, అత్తయ్య జ్వరం, అన్నీ కలిపి చాలా రోజులు పోయాయి. ఎన్నిసార్లు లెక్క వేసినా ఆ తేదీకి ముప్పై ఎనిమిది పాఠాలే అవుతాయి. రెండు తక్కువ. కోణాల మొత్తం, బాహ్యకోణం మిగిలిపోతాయి. అవి ఏవో నీకు గుర్తుండే ఉంటుంది. తుపాను సెలవులో చెప్పినవే.

“రెండే గదా, రాసెయ్. ముప్పై ఎనిమిది నిజంగా చెప్పినావు. ఆ రెంటి కోసం ఫెయిల్ అయితావా?” అని ఆయన అన్నారు. ఈసారి నవ్వలేదు, నా కోసమే అన్నారు. నలభై లేకపోతే రికార్డు తిరగ్గొట్టవచ్చని గుమాస్తా కూడా చెప్పాడు. పెన్ను పట్టుకున్నాను అక్కా. పాఠం సంఖ్య 39 అని రాసి ఆగిపోయాను.

నువ్వు ఏమంటావు?

ప్రమీల


ఆత్మకూరు,
26 జనవరి, సోమవారం.

ప్రమీలా,

నన్ను అడగకు. నా చేతిలో కూడా పెన్ను ఉంది, అందుకే నా మాట పనికిరాదు. నువ్వు రాసి తెస్తే ప్రేమకొద్దీ పాత తేదీ మీద మళ్లీ సంతకం పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నీ దగ్గర ఆ చిల్లు పడిన పేజీ ఇంకా ఉందా? కాల్చావా? ఉంటే ఒకసారి తీసి చూడు.

రేణుక


ఉదయగిరి,
11 ఫిబ్రవరి, బుధవారం.

అక్కా,

కాల్చలేదు. వెనకవైపు ఖాళీ ఉన్న కాగితాన్ని నేను ఎన్నడూ కాల్చలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజే తీసి చూశాను. 39 అని రాసిన పేజీ చించేశాను.

ఈ రోజు పరీక్ష. ఎగ్జామినరు పెద్దాయన, చేతిలో ఎర్ర పెన్ను. పాఠం చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. రికార్డే తిరగేస్తున్నాడు. ఆ పేజీల చప్పుడు నా గొంతు కన్నా గట్టిగా వినిపించింది. పాఠం అయ్యాక చివరి పేజీ దగ్గర ఆగాడు.

“ముప్పై ఎనిమిదేనా? మిగతా రెండు ఏవమ్మా?”

“చెప్పలేదు సార్.”

“మీ కాలేజీ నుంచి వచ్చిన రికార్డులన్నీ నలభై ఉన్నాయి. సరిగ్గా నలభై.” నా మొహంలోకి చూశాడు. ఆయన పిల్లల వైపు తిరిగాడు. “ఈ మేడమ్ మీకు ఎన్ని పాఠాలు చెప్పింది?”

అప్పుడు సుస్మిత లేచింది. ఈ పిల్ల ఏమైనా అనగలదు.

“లెక్కపెట్టుకోలా సార్. మొదటి రోజు నేనడిగిందానికి జవాబు చెప్పలేక చాక్‌పీసు పారేసుకుంది. నెల దాటినాక గరిటెలు తెచ్చి చెప్పింది. మర్చిపోతాదిలే అనుకున్నా, మర్చిపోలా.”

ఆయన రికార్డు వెనక్కి తిప్పి మొదటి పాఠం తీశాడు. దాని కింద నువ్వు రాసింది చదివాడు: ‘బోర్డుకు పాఠం చెప్పారు, పిల్లలకు చెప్పలేదు.’ పైకి రెండుసార్లు చదివాడు. “ఇలాంటి పరిశీలన చూసి చాలా ఏళ్లయింది” అన్నాడు. ‘38/40’ అని ఎర్ర ఇంకుతో రాసి, దానికి తగినన్ని మార్కులు కోసి, సంతకం పెట్టాడు. తిరగ్గొట్టలేదు. బయటికొచ్చి జయపాల్ గారి గది గోడను పట్టుకొని నిలబడ్డాను. అక్కడే ఉండగా ఒక బస్సు పోయింది.

ముక్క పరీక్ష ఫలితం వచ్చిందా? వెంటనే రాయి.

ప్రమీల


ఆత్మకూరు,
12 ఫిబ్రవరి, గురువారం.

ప్రమీలా,

వచ్చింది. చెడు లేదు. కాగితం మీ బావ చదివాడు, నేను చదివాను, మళ్లీ ఆయన చదివాడు. గొంతు మాత్రం మునుపటిలా రాదట. మెల్లగా మాట్లాడాలి, జీవితాంతం. మా పిల్లలు ఇక నన్ను ఎన్ని అడుగుతారో!

పందొమ్మిదిన బడికి వస్తున్నాను.

రేణుక


ఉదయగిరి,
20 ఫిబ్రవరి, శుక్రవారం.

రేణుకక్కకు,

నిన్నా ఈ రోజూ నన్ను ఎవరూ రమ్మనలేదు. ఎందుకు వచ్చానని నువ్వూ అడగలేదు. ఆ రెండు పాఠాలకు ఇక మార్కులు లేవు.

నిన్న కోణాల మొత్తానికి పిల్లలకు పంచిన త్రిభుజాలు ఏ కాగితంవో నువ్వు వెనక బెంచీలోంచి గమనించావా? పాత రికార్డువి. నలభై పేజీలు, నలభై మంది. వెనకవైపు ఖాళీగా ఉన్న చోట త్రిభుజాలు గీసి కత్తిరించాను. చిల్లు పడిన పేజీ సుస్మితకు వచ్చింది. మూడు మూలలూ చించింది, పక్కపక్కన పెట్టింది. సరళరేఖ వచ్చింది. ఊరుకుందా? ముక్కలు తిప్పి వెనక ఏముందో చూసింది.

“టీచర్, దీనిమీద మన రేణుకా టీచరు రాత ఉండాది. ‘కోణాలు చక్కగా’ అని. మేం అతికించకముందే ఎట్ట రాసినారు?”

నేను నీ వైపు చూశాను. నువ్వు నవ్వావు. ఆ తర్వాత, ఇన్ని నెలలకు మొదటిసారి, ఆ గదిలో నీ గొంతు విన్నాను. చాలా సన్నగా ఉంది. “తొందరపడి రాసినానులేమ్మా” అన్నావు. నలభై మందీ వినడానికి నీ వైపు వంగారు.

ఈ రోజు పనులు: దోసెలు. బట్టలు ఒక బకెట్టు. అత్తయ్యకు మాత్రలు, రెండు పూటలు. మూడో పూట తనే వేసుకుంది. రసూల్‌బీకి వంకర గరిటెలు పన్నెండూ లెక్కపెట్టి తిరిగి ఇవ్వడం. బాహ్యకోణం, ఏడో తరగతి, రెండో పీరియడు.

బాకీ: రెండు పాఠాలు, అక్టోబరు 28, 29 నాటివి. చెల్లు.

ప్రమీల